కరెంటు లేని చలి రాత్రుల్లో ముందు మనుషుల్ని కాచుకోండి

ప్రశ్న: మంచు తుఫానుకు తీగలు తెగి మా ఇంట్లో నాలుగు రోజులు కరెంటు లేదు. ఇంట్లో నేను, మావారు, 78 ఏళ్ల అత్తగారు, రెండేళ్ల పాప ఉంటాం. హీటర్లన్నీ కరెంటు మీద నడిచేవే. మొదటి రాత్రి దుప్పట్లతో గడిపాం. రెండో రాత్రి చలికి తట్టుకోలేక, ఆరుబయట వాడే బొగ్గుల కుంపటిని హాల్లోకి తెచ్చి, తలుపులన్నీ వేసుకుని చుట్టూ కూర్చున్నాం. కాసేపటికి నాకూ మావారికీ విపరీతమైన తలనొప్పి, పాపకు వాంతి. టెన్షన్ వల్లేమో అనుకున్నాం. ‘పొగ రావట్లేదు కదా, నిప్పులేగా, ఏం కాదు’ అన్నారు అత్తగారు. మూడో రోజు పొరుగువాళ్లు తమ ఇంటికి రమ్మన్నా ఆమె కదలనన్నారు. ఫ్రిజ్ పనిచేయట్లేదని ఆమె ఇన్సులిన్‌ని కిటికీ బయట మంచులో పెట్టాను. ఇంకో తుఫాను వస్తుందంటున్నారు. ఈసారి ఇల్లంతా వెచ్చగా ఉండేలా ఏం చేయాలి? జనరేటర్ కొనమంటారా? అత్తగారిని ఎలా ఒప్పించాలి?
- ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఇల్లు వెచ్చగా ఉంచే ఉపాయం అడిగారు, చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నేను ముందు ఆగిపోయింది వేరే చోట. మీ ఇద్దరికీ తలనొప్పి వచ్చిందనీ, పాప వాంతి చేసుకుందనీ ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. ఆ వాక్యం చదివి నా గుండె ఆగినంత పనైంది. ఆ రాత్రి మీ ఇంట్లో చలికన్నా పెద్ద ప్రమాదం ఆ కుంపటే. అందుకే మీరు అడిగిన వరస పక్కన పెట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

నిప్పులు కణకణలాడుతున్నప్పుడు పొగ రాదు. పొగ లేదు కాబట్టి భయం లేదనుకోవడం మీ అత్తగారొక్కరి పొరపాటు కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు. ఊపిరితో లోపలికి వెళ్లి, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే గాలిలో కాస్తంత ఉన్నా ఒంట్లో పేరుకుంటూ పోతుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మెదడుకు మాత్రం అందాల్సింది అందదు.

తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం, ఏం చేస్తున్నామో తెలియని అయోమయం దీని లక్షణాలు. ఫ్లూ జ్వరం వచ్చేముందు కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తేడా గుర్తుపట్టడానికి మూడు విషయాలు చూడండి. జ్వరం ఉండదు. ఇంట్లో ఒకరికి కాదు, ఇద్దరు ముగ్గురికి ఒకేసారి మొదలవుతుంది. ఆరుబయటకు వెళ్తే తేలిక పడుతుంది. మీ ఇంట్లో ముగ్గురికి ఒకే గంటలో వచ్చింది. అది టెన్షన్ కాదమ్మా. కునుకు పట్టి ఉంటే ఏమయ్యేదో నేను రాయను, మీకు అర్థమవుతుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తలనొప్పి వచ్చిన సంగతి కూడా తెలియదు.

ఇంకో మాట. చాలా ఇళ్లలో ఇప్పుడు వేలికి తగిలించే ఆక్సీమీటర్ ఉంటోంది. అందులో 98 చూపించిందని ధైర్యం తెచ్చుకోకండి. మామూలు ఆక్సీమీటర్‌కు హిమోగ్లోబిన్‌ను పట్టుకున్నది ఆక్సిజనో, కార్బన్ మోనాక్సైడో తేడా తెలియదు. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి కూడా అది మంచి అంకెనే చూపించగలదు.

అలాంటి అనుమానం ఎప్పుడు వచ్చినా కుంపటి ఆర్పుతూ కూర్చోకండి. ముందు అందరూ బయటికి రావాలి, చలి అయినా సరే. బయటి నుంచే అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి. మంచి గాలి పీల్చుకుంటే ఒంట్లో చేరినది సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆస్పత్రిలో మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తే దాదాపు గంటన్నరలో సగమవుతుంది. అందుకే ‘గాలి తగిలింది కదా, తగ్గిపోతుంది’ అని ఇంట్లో ఉండిపోకూడదు.

మీ విషయంలో ఇప్పటికే కొన్ని రోజులు గడిచాయి. అయినా నలుగురూ డాక్టర్‌ను కలవండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి దగ్గర ఇంతసేపు కూర్చున్నామని విడమరిచి చెప్పండి. మీరు చెప్పకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు. కొందరిలో కోలుకున్నాక కూడా, రోజులు వారాలు గడిచాక మతిమరుపు, నడకలో తడబాటు, ప్రవర్తనలో మార్పు కనిపిస్తాయి. పెద్దవాళ్లలో అయితే ‘వయసు వల్ల’ అని వదిలేస్తారు. మీ అత్తగారిని ఈ నెలంతా కాస్త కనిపెట్టుకుని ఉండండి.

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో ఇలాగే చలి తుఫాను వచ్చి లక్షల ఇళ్లలో రోజుల తరబడి కరెంటు పోయింది. అక్కడి అధికారుల లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. ఎక్కువమంది ఒంటి వేడి పడిపోయి పోతే, కొందరు ఆ చలి తప్పించుకోవడానికి ఇంట్లో, గ్యారేజీలో వెలిగించిన వాటి వల్ల పోయారు. బొగ్గుల కుంపటి, ఆరుబయట వంటకు వాడే గ్రిల్లు, క్యాంపు స్టవ్వు, జనరేటర్, గ్యారేజీలో ఇంజిన్ నడుస్తున్న కారు - ఇవేవీ ఇంటి గోడల లోపల వద్దు. కిటికీ కొద్దిగా తెరిచాం అన్నది చాలదు. గ్యాస్ పొయ్యి మీద వంట చేసుకోండి, ఆ కాసేపూ కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. గది వేడెక్కాలని మాత్రం దాన్ని గంటల తరబడి వెలిగించి ఉంచకండి. పొగగొట్టం ఉన్న నిప్పుగూడు ఉంటే, ఆ గొట్టం ఏటా శుభ్రం చేయించేదైతే వాడుకోవచ్చు. రేపు బజారుకు వెళ్తే ముందు కొనాల్సిందల్లా బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం. పడుకునే గది దగ్గర పెట్టండి. అది లేని ఇంట్లో ఏ రకం మంటనీ నమ్మొద్దు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇల్లంతా వెచ్చగా ఉంచడమెలా అని అడిగారు. కరెంటు లేనప్పుడు ఆ ప్రయత్నమే మానేయండి. ఇంత ఇంటిని వేడి చేసే శక్తి మీ దగ్గర ఉండదు, దానికోసం తాపత్రయపడే మనుషులే కుంపటిని లోపలికి తెస్తారు. మీ దగ్గరున్న వేడి వేరే. కదలకుండా కూర్చున్న పెద్ద మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తూ ఉంటుంది, పాతకాలపు బల్బు ఒకటి వెలుగుతున్నట్టు. మీరు ముగ్గురు, పాప కలిసి ఒక చిన్న హీటరంత. ఆ వేడి నాలుగు గదుల్లోకి పోకుండా పట్టుకోవడమే పని.

ఒక్క గది ఎంచుకోండి. చిన్నది, కిటికీలు తక్కువున్నది, పగలు ఎండ పడేది, వీలైతే చుట్టూ వేరే గదులున్నది. మీరు హాల్లో కూర్చున్నామన్నారు. సాధారణంగా ఇంట్లో వెచ్చగా ఉంచడం కష్టమయ్యేది హాలే, పెద్దది కాబట్టి. ఎంచుకున్న గది తలుపు కింద సందులో తువ్వాలు చుట్టి పెట్టండి. కిటికీలకు దళసరి దుప్పట్లు వేలాడదీయండి. ఎండ పడే కిటికీ మీది దుప్పటి పొద్దున తీసి, ఎండ వాలకముందే మళ్లీ దించేయాలి. ఈ చివరి పని అందరూ మర్చిపోతారు. నేల మీద ఉన్నవన్నీ పరవండి, తివాచీ, పాత బొంతలు, అట్టపెట్టెలు విప్పిన అట్టలు కూడా. పైన మూడు దుప్పట్లు కప్పుకుని కింద పలచటి చాప మీద పడుకుంటే ఒంటి వేడినంతా నేల తాగేస్తుంది. కింద పరిచేది కూడా పైన కప్పుకునేదంత మందంగా ఉండాలి.

గదిలో మళ్లీ చిన్న గది కట్టండి. బల్ల మీదుగానో, రెండు కుర్చీల మీదుగానో దుప్పటి వేసి గుడారంలా చేస్తే లోపలి గాలి ఒంటి వేడికే నులివెచ్చగా అవుతుంది. పాపకు అది ఆట, అత్తగారికి చలిగాలి తగలని మూల. గాలి ఆడేలా ఒక పక్క తెరిచి ఉంచండి. లోపల కొవ్వొత్తి మాత్రం వద్దు. ఊపిరి తడికి దుప్పట్లు చెమ్మగిల్లుతాయి, చెమ్మ పట్టిన దుప్పటి వెచ్చదనం ఇవ్వదు. మధ్యాహ్నం ఐదు నిమిషాలు కిటికీ తెరిచి, దుప్పట్లు దులిపి ఎండ తగిలే చోట ఆరేయండి.

బట్టల విషయం క్లుప్తంగా చెబుతాను. ఒక లావు కోటుకన్నా పలచటివి మూడు పొరలు మేలు, పొరల మధ్య చిక్కిన గాలే వెచ్చదనం. తడిసిన నూలు బట్ట ఒంటి మీద ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. ఉన్ని అయితే తడిసినా కొంత వేడి నిలుపుతుంది. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు నిద్రలో కూడా పెద్దవాళ్లకు ఉంచండి. మేజోళ్లు బిగుతుగా ఉంటే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి, అందుకే రెండో జత కాస్త వదులుగా ఉండేది తొడగండి.

గ్యాస్ పొయ్యి ఉంటే వేడినీళ్ల సంచి మీకు పెద్ద ఆసరా. మరిగే నీళ్లు పోయకండి. బాగా వేడిగా ఉన్నవి పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి పక్కలో కాళ్ల దగ్గరా తొడల మధ్యా పెట్టుకోవచ్చు. అత్తగారికి చక్కెర వ్యాధి ఉంది, కాళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు. కాలుతున్నా ఆమెకు తెలియదు. ఆమె సంచిని ముందు మీ మణికట్టు లోపలి వైపు పెట్టుకుని చూసి, రెండు పొరల గుడ్డ చుట్టి ఇవ్వండి. పాప పక్కలో అసలు పెట్టకండి. పక్క వేడెక్కాక సంచి తీసేసి పాపను పడుకోబెట్టండి.

వేళకు తినాలి, తిన్నదాంతోనే ఒళ్లు వేడి పుట్టించుకుంటుంది. పడుకోబోయే ముందు ఏదైనా వేడిగా తాగించండి. పెద్దవాళ్లు చలిలో బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు, అడిగితే దాహం లేదంటారు. అది నమ్మకండి. రాత్రి బాత్రూమ్ దాకా ఆమెతో నేను వస్తానని మీరు ముందే చెబితే తాగుతారు. మద్యం తాగితే వేడెక్కుతుందన్నది అబద్ధం. చర్మానికి రక్తం ఎక్కువగా పారి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఇలాంటి రాత్రే మా అమ్మ, నేను కరెంటు లేని ఇంట్లో ఉన్నాం. సాయంత్రమంతా అమ్మ వణుకుతూనే ఉంది. పళ్లు టకటకలాడుతుంటే నాకు భయమేసింది. పది దాటాక వణుకు ఆగింది. హమ్మయ్య, సర్దుకుంది అనుకున్నాను. స్వెట్టర్ పై బొత్తాం ఊడి ఉంటే పెట్టుకోబోయింది. బొత్తాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది, కాజా దగ్గరికి తెచ్చింది, జారిపోయింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. నాలుగోసారి బొత్తాన్ని వదిలేసి, కాజా లేని చోట బట్టను ఊరికే వేళ్లతో నొక్కుతూ కూర్చుంది. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన చేతులవి. ‘ఏంటమ్మా?’ అంటే ‘ఏం లేదు’ అంది, కానీ మాట ముద్దగా వచ్చింది. అప్పుడు తట్టింది, వణుకు ఆగడం సర్దుకోవడం కాదని. పొరుగింటి వాళ్ల కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఇంకో గంట అలా వదిలేస్తే కష్టమయ్యేదని డాక్టరు చెప్పారు.

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. వణుకుతున్నంతసేపూ ఒళ్లు పోరాడుతోంది. వణుకు ఆగి మనిషి వెచ్చబడకపోతే, మగతగా ఉంటే, మాట తడబడితే, చేతిలో వస్తువు జారిపోతుంటే వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. ఈలోగా తడి బట్టలు విప్పి, ముందు ఛాతీ, మెడ, కడుపు వెచ్చబెట్టాలి. చేతులూ కాళ్లూ రుద్దకండి, వేడినీళ్లలో ముంచకండి. మెలకువగా ఉండి మింగగలిగితేనే వెచ్చని పానీయం. పసిపిల్లలు గట్టిగా వణకలేరు కాబట్టి వాళ్లలో ఈ గుర్తు కోసం చూడొద్దు. చర్మం ఎర్రగా, చల్లగా ఉండి, ఆడుకునే పిల్ల మూలకు వాలిపోయిందంటే అదే గుర్తు. పాపను మీ ఛాతీకి ఆనించుకుని మీ దుప్పటి కప్పుకోవడం మంచి పద్ధతే. మీకు నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం మీవారిని లేపి అందించండి, నిద్రలో పాప మీదికి ఒరిగే ప్రమాదం ఉంది.

అత్తగారి మాటకు వస్తాను. ఆమె కదలనన్నది మొండితనమని మీరు అనుకుంటున్నట్టుంది. 78 ఏళ్ల మనిషికి పరాయి ఇంట్లో రాత్రి బాత్రూమ్ ఎక్కడుందో వెతుక్కోవడం, ఇంకొకరి ముందు సూది పొడుచుకోవడం, తన వల్ల వాళ్లకు ఇబ్బంది అనిపించడం ఎంత కష్టమో ఆలోచించండి. అర్ధరాత్రి చలిలో, అందరూ ఆదుర్దాగా ఉన్నప్పుడు అడిగితే ఎవరైనా వద్దనే అంటారు. కాబట్టి ఎండ ఉన్న రోజు, కరెంటు ఉన్నప్పుడు, పక్కన కూర్చుని మాట్లాడండి. మీవారిని మాట్లాడనివ్వండి, ఆమెకు కొడుకు మాట వేరు. ‘అమ్మా, నువ్వు ఒప్పుకునే అంకె ఒకటి చెప్పు, అది దాటితే మనందరం వెళ్దాం’ అని ఆమెనే తేల్చమనండి. గదిలో ఒక థర్మామీటర్ గోడకు తగిలించండి. ఇంట్లో కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పెద్దవాళ్లకు ఇంటి లోపలే, మరీ గడ్డకట్టే చలి లేకుండానే ఒంటి వేడి పడిపోవచ్చు. నా మటుకు నేను, ఇంట్లో ఈ వయసు మనిషీ రెండేళ్ల పిల్లా ఉంటే, మీరు సిద్ధం చేసిన గదిలో కూడా 15 డిగ్రీలు నిలవకపోతే ఆగను. వెళ్లడం కూడా చీకటి పడకముందే. మంచు పట్టిన మెట్లు ఆమె చీకట్లో దిగకూడదు.

ఆమె సంచీ ఇప్పుడే సర్ది పెట్టండి. ఆమె దుప్పటి, ఆమె దిండు, మందులు, డాక్టరు రాసిన మందుల చీటీ, కళ్లజోడు, టార్చి. తన దిండు తనతో వస్తుందంటే సగం బెంగ తీరుతుంది. పొరుగువాళ్లతో కూడా ఈ వారమే మాట్లాడుకుని, ఏ గది ఇస్తారో ఆమెకు ఒకసారి చూపించి రండి.

మీరు కిటికీ బయట పెట్టిన ఇన్సులిన్ పారేయండి. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించినా సరిగా పనిచేయదు. గడ్డకట్టిందో లేదో తెలియకపోయినా వాడకండి. నిజానికి చలికాలంలో ఫ్రిజ్ ఆగిపోవడం ఇన్సులిన్‌కు పెద్ద సమస్య కాదు. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది మామూలు గది వేడిలో చాలా రకాలకు దాదాపు 28 రోజులు ఉంటుంది, మీ సీసా మీద ఎన్ని రోజులని రాసుందో చూసుకోండి. దాని ప్రమాదమల్లా గడ్డకట్టడమే. రాత్రి గది మరీ చల్లబడితే చిన్న సంచిలో పెట్టి, లోపలి చొక్కాకూ పైచొక్కాకూ మధ్య ఉంచుకోండి. చర్మానికి నేరుగా ఆనించొద్దు, వేడినీళ్ల సంచి పక్కన అసలే వద్దు.

తిండి పదార్థాలది అంత చిక్కు కాదు. తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లదనం నిలుపుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు. పదార్థాలను బయట మంచులో పెట్టకండి, పగటి ఎండకు కరుగుతాయి, జంతువులు ముడతాయి. దానికి బదులు సీసాల్లో మెడ కింది దాకా నీళ్లు పోసి రాత్రి బయట పెట్టండి. పొద్దునకు గడ్డకడతాయి. వాటిని తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే ఐస్ పెట్టె అయిపోతుంది.

జనరేటర్ కొనాలా అన్నారు. ఆరుబయట, ఇంటి గోడకు కనీసం 6 మీటర్ల దూరంలో, పొగగొట్టం కిటికీలకు ఎదురుగా కాకుండా పెట్టే స్థలం మీకుంటేనే కొనండి. మంచు పడుతోందని వరండాలోకో గ్యారేజీలోకో జరిపేస్తామనుకుంటే వద్దు, తలుపు తెరిచినా గ్యారేజీ ఇంటి భాగమే. ఇంధనం పోసేముందు ఆపి చల్లారనివ్వాలి. దాని వైరును గోడ ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించడం కొందరు చేస్తుంటారు. అలా చేస్తే ఆ కరెంటు వెనక్కి తీగల్లోకి పోతుంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. మన కోసమే చలిలో స్తంభమెక్కిన లైన్‌మన్ దాన్ని ముట్టుకుంటాడు. ఎలక్ట్రీషియన్ చేత మార్పిడి స్విచ్చు (వీధి తీగ నుంచి ఇంటిని విడదీసి జనరేటర్‌కు కలిపేది) పెట్టించకుండా ఇంటి వైరింగ్‌కు కలపొద్దు. మీకు కావాల్సింది నాలుగు దీపాలూ ఫోన్లూ మాత్రమే అయితే బ్యాటరీ పవర్ స్టేషన్, అంటే ముందే ఛార్జ్ చేసి ఉంచుకునే పెద్ద బ్యాటరీ పెట్టె చాలు, దాన్ని ఇంట్లోనే పెట్టుకోవచ్చు. హీటర్‌ను మాత్రం అది ఎక్కువసేపు మోయలేదు. ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే చలిలో దాని బలం తగ్గుతుందని గుర్తుంచుకోండి.

నీళ్ల గొట్టాలు గడ్డకడితే, మంచు గడ్డకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీటి ఒత్తిడికి గొట్టం పగులుతుంది. అందుకే గడ్డకట్టే రాత్రుల్లో బయటి గోడ వైపున్న కుళాయిని సన్నగా కారనివ్వండి, సింకు కింది తలుపులు తెరిచి ఉంచండి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి తెలియాలి. గడ్డకట్టిన గొట్టాన్ని కుళాయి వైపు నుంచి వేడి గుడ్డలతో కరిగించండి, మంట చూపించకండి. ఇల్లు వదిలి వెళ్తుంటే వాల్వ్ కట్టేసి కుళాయిలన్నీ తెరిచి నీళ్లు వదిలేయండి. నీళ్లెక్కించేది మోటారైతే తుఫాను ముందే పాత్రలన్నీ నింపుకోండి.

వెలుతురుకు కొవ్వొత్తులు వద్దు, దుప్పట్లు వేలాడే గదిలో అస్సలు వద్దు. టార్చిని నిలబెట్టి పైకప్పు మీదికి వేస్తే గదంతా మెత్తటి వెలుగు పడుతుంది. ఫోన్ చలికి త్వరగా చచ్చిపోతుంది, లోపలి జేబులో ఉంచుకోండి. బాగా చల్లబడిన ఫోన్‌ను కాస్త వెచ్చబడ్డాకే ఛార్జింగ్‌కు పెట్టండి. కారులో ఛార్జ్ చేయాలంటే కారు ఆరుబయట ఉండాలి, సైలెన్సర్ చుట్టూ మంచు తవ్వి తీసేయాలి.

ఎదురింటికి కరెంటు వచ్చి మీకు రాలేదని మనసు కష్టపెట్టుకోకండి. పెద్ద లైన్లు, సబ్‌స్టేషన్లు ముందు, ఎక్కువ ఇళ్లున్న లైన్లు తర్వాత, ఒక్కో ఇంటి తీగ చివరికి బాగుచేస్తారు. ఎదురిల్లు వేరే లైను మీద ఉండొచ్చు. 1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్‌లో తీగల మీద మంచు పేరుకుని టవర్లే కూలిపోయాయి. కొన్ని ఇళ్లకు నెల దాటాక కరెంటు వచ్చింది. ‘రెండు గంటల్లో వచ్చేస్తుంది’ అన్న మాట మీద మొదటి రాత్రిని పోగొట్టుకోకండి. కరెంటు పోయిన గంటలోనే, ఇల్లింకా వెచ్చగా ఉండగానే గది సర్దేసుకోండి. చల్లబడ్డ గదిని వేడి చేయడంకన్నా వెచ్చటి గదిని కాపాడుకోవడం ఎంతో తేలిక. తెగి పడిన తీగ కనిపిస్తే 10 మీటర్ల దూరంలోనే ఆగిపోండి, మంచులో కప్పబడిపోయి ఉన్నా సరే.

కరెంటు పోగానే హీటర్లు, గీజరు, ఫ్రిజ్ ప్లగ్గులు తీసేసి ఒక్క లైటు స్విచ్చు మాత్రం వేసి ఉంచండి. చాలాసేపు ఆగిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు వీధిలోని హీటర్లన్నీ ఒకేసారి లాగుతాయి, ఆ భారానికి మళ్లీ పోతుంది. ఆ లైటు వెలిగాక పావుగంట ఆగి, మీ గది హీటర్ ఒక్కటే వేయండి. తర్వాత ఫ్రిజ్. గీజరు చివర్లో.

కుంపటి తెచ్చింది ఎవరు, పర్లేదన్నది ఎవరు అన్న మాటలు మీ ఇంట్లో నడుస్తున్నట్టు ఉత్తరంలో వాసన తగిలింది. చలికి వణుకుతున్న పసిదాన్ని చూసి ముగ్గురూ కలిసి చేసిన పని అది. ఆ మాట పక్కన పెట్టి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి రండి. ఆయన ఏమన్నారో, పాప ఎలా ఉందో రాయండి, ఎదురుచూస్తుంటాను.